కమలాంటీని నీరసంగా నటించమన్న శనివారం

ఒక మనిషి ప్రాణాల మీదికి తెచ్చి, ఆ మనిషికే నటనలో పదికి పది మార్కులు వేసిన ఘనుడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ ప్రస్తుతం మీతో మాట్లాడుతున్నాడు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

నేను నర్సుని. మా తెనాలి వైపు మగవాడు ఈ మాట చెబితే ఇప్పటికీ "అంటే కాంపౌండరా?" అంటారు. సింగపూర్‌లో ఒక ఆసుపత్రి వార్డులో చాలాకాలం పనిచేశాక, నాకు షుగర్ పేషెంట్లకి పాఠాలు చెప్పే ఎడ్యుకేటర్ కావాలని బుద్ధి పుట్టింది. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలి, ఏం తినాలి, పాదాలు ఎలా చూసుకోవాలి, ఇలాంటివన్నీ ఓపిగ్గా కూర్చుని నేర్పే ఉద్యోగం. దానికో పరీక్ష ఉంది. అందులో సగం రాత, సగం మాట. రాతలో నాకు తిరుగులేదు. మాట పరీక్షలో మాత్రం ఒక నటుణ్ణి పేషెంట్‌గా తెచ్చి కూర్చోబెడతారు. మనం ఆయనతో మాట్లాడాలి. పక్కన కూర్చున్న ఎగ్జామినర్ మార్కులు వేస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆ నటుడికి ఊపిరి సలపనివ్వకుండా పాఠం చెప్పాను. బియ్యం గురించి చెప్పాను, నూనె గురించి చెప్పాను, కిడ్నీ బొమ్మ గీసి మరీ చూపించాను. గంట కొట్టాక కూడా "ఇంకొక్క విషయం" అంటూ తలుపు దాకా వెంటపడ్డాను. ఎగ్జామినర్ చాలా మర్యాదగా చెప్పింది. "మీకు అన్నీ తెలుసు. మీ ఎదురుగా కూర్చున్న మనిషి గురించి తప్ప."

ఫెయిలయ్యాను. రెండోసారికి ఫీజు కట్టాను. ఈసారి తప్పితే మాత్రం కొంప మునిగినట్టే. డయాబెటిస్ క్లినిక్‌లో ఖాళీ అయిన పోస్టుని మా మేనేజర్ నా కోసమే ఆపి ఉంచింది. నేను పాసవ్వకపోతే అది ఇంకొకరికి వెళ్తుంది, నేను మళ్లీ నైట్ డ్యూటీలకి వెళ్తాను. మా ఆవిడ స్వప్న బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. తను వచ్చేసరికి నేను వెళ్తాను, నేను వచ్చేసరికి తను వెళ్తుంది. యూ టీ అనే పేటలో మా ఫ్లాట్‌లో మేమిద్దరం భార్యాభర్తల్లా కాకుండా, షిఫ్టు మార్చుకునే వాచ్‌మన్లలా బతుకుతున్నాం. తన కోరిక పెద్దదేం కాదు. ఇద్దరం ఒకే వేళకి కూర్చుని అన్నం తినాలి, అంతే.

ఒకరోజు నేను హాల్లో గోడకి ఎదురుగా నిలబడి పాదాల సంరక్షణ చెబుతుంటే స్వప్న అంది. "గోడ ఎదురు మాట్లాడదు ప్రసాద్. అందుకే నీకు హాయిగా ఉంది. ఎదురు మాట్లాడే మనిషి కావాలంటే హౌగాంగ్ వెళ్లు."

హౌగాంగ్ అంటే ఆ పేటలో ఉండే కమలాంటీ. ఆవిడది భీమవరం. మూర్తి అంకుల్ కుర్రతనంలోనే ఇక్కడ షిప్‌యార్డులో సూపర్‌వైజర్‌గా చేరి రిటైరయ్యాడు. దశాబ్దాలుగా ఇక్కడే ఉండటం వల్ల ఆంటీ భీమవరం తెలుగులోకి తమిళం, మలాయ్ వచ్చి సర్దుకుని కూర్చున్నాయి. ఆవిడకి చాలాకాలంగా షుగరుంది. మాత్రలు వాడుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, అంకుల్ మాటని కాదనడం ఒక ఎత్తు. ఆయన ఎండగా ఉందంటే ఆవిడ "ఎండ కాదది, ఉక్క" అంటుంది. ఆయన ఉక్కగా ఉందంటే "అలామక్, ఇదేం ఉక్క, మబ్బు పడితేనూ" అంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అంకుల్ చెప్పిన ఏ విషయమూ నెగ్గినట్టు దాఖలాలు లేవు.

నేను విషయం చెప్పగానే ఆంటీ నన్ను అనుమానంగా చూసింది.

"పేషెంటుగా నటించాలా? నేను పేషెంటునే కదరా. ఇంక నటించేదేముంది?"

"మీలా కాదాంటీ. వేరేవాళ్లలా."

ఆవిడ మొహం వెలిగింది. "వేరేవాళ్లలా అయితే చేస్తా. నాలా ఉండి ఉండి నాకే విసుగొచ్చింది."

"ఒక్కటే రూలు. మధ్యలో వేషం వదలకూడదు. నేను థాంక్యూ చెప్పేదాకా మీరు పేషెంటే. ఏం జరిగినా."

"ఏం జరిగినా" అంది ఆంటీ గట్టిగా.

మూర్తి అంకుల్ పేపర్ వెనకనుంచి అన్నాడు. "నటన ఆవిడకి కొత్తగా నేర్పక్కర్లేదయ్యా."

"మీరు పేపర్ చదువుకోండి."

"అయిపోయింది."

"అయితే మళ్లీ చదవండి."

అలా మొదలైంది. మొదటిరోజు ఆంటీ టాక్సీ డ్రైవర్ వేషం వేసింది. అంకుల్ పాత టోపీ పెట్టుకుని, కుర్చీ అంచు మీద కూర్చుని, కాలు ఊపుతూ అంది. "తొరగా చెప్పు బాబూ. కింద రోడ్డు మీద బండి పెట్టా. సమన్ రాస్తే ఫైను నువ్వు కడతావా?"

నేను పిండిపదార్థాలంటే ఏమిటో మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఉండగా ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఆంటీ, ఎక్కడికి?"

"ఆంటీ ఎవరు? టాక్సీ ఎక్కేశా. వెళ్లిపోయా."

"అలా వెళ్లిపోకూడదాంటీ."

"నిజం టాక్సీ అంకుల్ అయితే నువ్వు నోరు తెరవగానే పోయేవాడు. నేను మొహమాటానికి ఇంతసేపు కూర్చున్నా."

సరిగ్గా అప్పుడే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నేనింకా థాంక్యూ చెప్పలేదు కదా, ఆవిడ ఆ అమ్మాయితో కూడా టాక్సీ డ్రైవర్‌లాగే మాట్లాడింది. "ప్యాసింజర్ ఉన్నాడమ్మా, తర్వాత చెయ్యి" అని పెట్టేసింది. ఆ అమ్మాయి కంగారుపడి అంకుల్‌కి ఫోన్ చేస్తే, ఆయన "మీ అమ్మ ఉద్యోగంలో చేరింది" అని చెప్పాడు.

రెండోసారి ఆవిడ జగిత్యాల వైపునుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చి కట్టడాల్లో పనిచేసే కుర్రాడైంది. నేను తెలివిగా దంపుడు బియ్యం తినమన్నాను. ఆంటీ తల వంచుకుని, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా అంది.

"అన్నా, నువ్వు మంచిగనే చెప్తున్నవ్. గని మాకు డార్మిటరీల క్యాటరింగోడు ఏ ప్యాకెట్ ఇస్తే గదే తినాలె. తెల్లారకముందు ఇచ్చిన ప్యాకెట్ పగటీలి తింటం. అండ్ల ఏ బియ్యం ఉన్నయో నాకెట్ల తెలుస్తది?"

 ఏళ్ల తరబడి వార్డులో అలాంటి కుర్రాళ్లకి నేను దంపుడు బియ్యం కాగితం చేతిలో పెట్టి పంపుతున్నాను. ఒక్కడు కూడా ఈ మాట నాతో అనలేదు. అనేంత సందు నేనివ్వలేదు.

"ఆంటీ, ఇదంతా మీకెలా తెలుసు?"

"సర్కారు పాలీక్లినిక్‌లో నంబర్ పిలిచేదాకా గంటలు గంటలు కూర్చుంటాం కదరా. పక్కనున్నోళ్లు మాట్లాడుకుంటారు. నువ్వు ఫోన్ చూసుకుంటావు, నేను మనుషుల్ని చూస్తా."

ఆ రోజే ఆవిడంటే నాకు భక్తి పుట్టింది. ఇది పొగడ్త కాదు, ఉన్నమాట. తర్వాత ఆవిడ సెరంగూన్ కాండోలో ఉండే గొప్పింటి ఇల్లాలైంది, నల్లకళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి "ఇన్సులిన్ నాకు పడదండీ, వాట్సాప్‌లో కాకరకాయ రసం చాలన్నారు" అంది. ఇంకోసారి ఏదడిగినా "మావారినడగండి" అనే కొత్తకోడలైంది. పొడిగా పాఠం చెబితే లేచి వెళ్లిపోతుంది, అదిలిస్తే మూగదైపోతుంది, నోరు మూసుకుని ఎదురుచూస్తే మాత్రం అసలు సంగతి మెల్లగా బయటపెడుతుంది. పుస్తకాలు చెప్పలేనిదాన్ని ఆవిడ నాకు లేచి వెళ్లిపోయి నేర్పింది.

కానీ పుట్టుకతో వచ్చిన మేష్టారితనం ఊరికే పోతుందా? వేషాల మధ్యలో నేను ఆంటీకి నిజం పాఠాలు కూడా చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ల వంటింటి మీద దాడి చేశాను. పంచదార డబ్బా, బెల్లం, బిస్కట్లు అన్నీ కట్టగట్టి కిందింటివాళ్లకి ఇప్పించాను. ఫ్రిజ్‌లో ఉన్న కూల్‌డ్రింకుల స్థానంలో చక్కెర లేని డబ్బాలు పెట్టించాను. అంకుల్ దిగులుగా చూస్తుంటే "ఆరోగ్యం అంకుల్" అన్నాను. ఆంటీకి వేలు చూపించి మరీ చెప్పాను. "ఆకాశం ఊడిపడినా సరే, పొద్దుటి మాత్ర మాత్రం మానకూడదు."

"మానన్లే" అంది ఆంటీ.

పరీక్ష దగ్గరికొచ్చింది. మా చివరి ప్రాక్టీసుకి ముందువారం నేనొక విమర్శ చేశాను. అవును, ఆవిడ నటనని నేను విమర్శించాను.

"అంతా బాగుందాంటీ. కానీ మీరు మరీ హుషారుగా ఉంటున్నారు. నిజం పేషెంట్లు నీరసంగా వస్తారు. వచ్చే శనివారం కొంచెం నీరసం తగిలించండి."

"ఎంత?" అని అడిగింది, కూరలో ఉప్పెంత అన్నట్టు.

"బాగా."

"సరే."

ఆ శనివారం నేను మధ్యాహ్నం వేళకి వెళ్లాను. అంకుల్ కూరగాయలకి వెళ్లాడట. తలుపు తియ్యడానికే ఆంటీకి చాలాసేపు పట్టింది. వచ్చి కుర్చీలో మెల్లగా కూలబడింది. నుదుటి మీద చెమట. పైటచెంగుతో తుడుచుకుంటే మళ్లీ పట్టింది. చెయ్యి వణుకుతోంది.

నాకు ఒళ్లు పులకరించింది. బల్ల మీద మీటరు, సూదులు, గ్లాసు అన్నీ పరీక్షలోలాగే పేర్చుకుని, గొంతు సవరించుకున్నాను.

"నమస్తే. నా పేరు ప్రసాద్. ఈరోజు మీకెలా ఉంది?"

"ఉంది."

"అంటే ఎలా ఉంది?"

"ఉందిగా."

ఎంత పొదుపైన నటన, అనుకున్నాను. ఇన్నాళ్లూ ఆవిడ మాటలతో నటించింది, ఇవాళ మౌనంతో నటిస్తోంది.

"ఫ్యాన్ వెయ్యి" అంది.

"వేసే ఉందండీ."

"మరి గాలేది?"

ఇక్కడ నేను పుస్తకంలో చెప్పినట్టు, పేషెంట్ మనసు తెలుసుకునే ప్రశ్న ఒకటి వేశాను. "గాలి రాకపోవడం గురించి మీకేమనిపిస్తోంది?" దయచేసి ఈ వాక్యాన్ని రెండోసారి చదవకండి.

"నోర్ముయ్యరా సత్యం" అంది ఆంటీ.

సత్యం అంటే భీమవరంలో ఆవిడ తమ్ముడు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఎందుకంటే అప్పటికి నాకు కేసు అర్థమైపోయింది. చెమట, వణుకు, చిరాకు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. షుగర్ ఉన్నట్టుండి పడిపోతే వచ్చే లక్షణాలివి. పుస్తకంలో ఏ వరసలో ఉన్నాయో ఆవిడ అదే వరసలో చూపిస్తోంది. ఈ కేసు ఇమ్మని నేను అడగలేదు కూడా. నాకు చెప్పకుండా ఆంటీ నా కోసం ఇంత కష్టమైన వేషం తయారుచేసుకుందని గుండె నిండిపోయింది.

అక్కణ్నుంచి నేను రెచ్చిపోయాను. "ఇప్పుడు మీ వేలు గుచ్చి షుగర్ చూస్తున్నాను అనుకుందాం" అన్నాను. మీటరు నా మోచేతి పక్కనే ఉంది. మన ఊళ్లో డెబ్బై అనే షుగర్‌ని ఇక్కడి మీటర్లు నాలుగంటాయి. "నాలుగుండాల్సింది మూడే ఉంది అనుకుందాం. కాబట్టి మీకు వెంటనే పంచదార నీళ్లు ఇస్తున్నాను అనుకుందాం." ఖాళీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాను.

ఆంటీ ఆ ఖాళీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, నోటికి ఆనించుకుని, గుటకలు వేసి తాగింది. తాగి, మూతి తుడుచుకుంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రూలు నేనే తప్పి చప్పట్లు కొట్టాను. "పదికి పది ఆంటీ. ఇంత నటన నేనింతవరకు చూడలేదు."

అప్పుడే అంకుల్ కూరగాయల సంచితో వచ్చాడు. వస్తూనే యుద్ధానికి సిద్ధపడి అన్నాడు. "కమలా, నువ్వు వెళ్లొద్దన్న కొట్టుకే వెళ్లా. వంకాయలు లేతగా ఉన్నాయి. ఇన్నాళ్లూ నువ్వే పొరపాటు పడ్డావు."

ఆంటీ ఆయన వైపు కూడా చూడకుండా అంది. "సరేలెండి. మీరన్నదే రైటు."

సంచి కిందపడింది. వంకాయలు నేలమీద దొర్లాయి.

"ప్రసాదూ, ఈవిడకేదో అయింది."

"కంగారుపడకండి అంకుల్. నటిస్తోంది."

"పిచ్చివాడా, అంత నటన ఈవిడకి రాదు. జన్మలో నా మాటకి సరే అనలేదు. చూడు ముందు."

 చదివిన చదువంతా ఎటు పోయిందో తెలియదు. ఎలాగో ఆంటీ వేలు గుచ్చి మీటరు పెట్టాను. రెండు పైచిల్లర. నేను ఉత్తుత్తిగా అనుకున్న మూడు కూడా లేదు.

"పంచదార, అంకుల్, పంచదార" అంటూ వంటింట్లోకి పరిగెత్తాను. డబ్బా లేదు. బెల్లం లేదు. బిస్కట్లు లేవు. ఫ్రిజ్ తెరిస్తే చక్కెర లేని డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆవిడకి పనికిరాదు. అన్నీ నేనే కొనిపించినవి.

"కిందింటివాళ్లకి ఇప్పించావు కదయ్యా" అన్నాడు అంకుల్. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గబగబా దేవుడి అలమర దగ్గరికి వెళ్లి, వెంకటేశ్వరస్వామి ముందు నైవేద్యం పెట్టిన వెండిగిన్నె తెచ్చాడు. అందులో పంచదార ఉంది. ఆ అలమర జోలికి వెళ్లే ధైర్యం లేక నేను వదిలేసిన పంచదార అది.

నీళ్లలో కలిపి, ఈసారి నిజంగా తాగించాం. పావుగంట ఆగి మళ్లీ చూడమని పుస్తకం చెబుతుంది. ఆ పావుగంట నేనూ అంకుల్ నేల మీద వంకాయల మధ్యే కూర్చున్నాం. ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు. మళ్లీ చూస్తే నాలుగు దాటింది. ఆంటీ మొహంలోకి మెల్లగా కళ వచ్చింది. నన్ను చూసి "ఎప్పుడొచ్చావురా ప్రసాదూ?" అంది. సత్యం అనకుండా నన్ను పోల్చుకున్నందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పుడు ఏదైనా గట్టిగా తినాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. అంకుల్ పెరుగన్నం కలిపి తెచ్చాడు. ఆంటీ చెయ్యి అడ్డుపెట్టింది.

"వద్దు. సాయంత్రం దీపం పెట్టాకే. ఒక్కపొద్దు."

"ఏం ఒక్కపొద్దు?" అన్నాడు అంకుల్.

"శనివారం. వెంకన్నకి."

"మనింట్లో ఎప్పట్నుంచి?"

"ఈ వారం నుంచే. వీడు పాసయ్యేదాకా శనివారాలుంటానని మొక్కుకున్నా."

నేను గోడకి ఆనుకున్నాను. "ఆంటీ, మరి పొద్దున మాత్ర?"

"వేసుకున్నాగా. ఆకాశం ఊడిపడినా మానొద్దన్నావు."

"ఏమీ తినకుండానా?"

"తిన్నారా అని నువ్వడిగావా?" అంది. కోపంగా కాదు, ఊరికే అడిగినట్టే అంది. "ఫ్యాన్ గురించి అడిగావు. గాలి గురించి ఏదో అడిగావు."

"నాకు చెప్పొచ్చుగా ఆంటీ."

"మొక్కు బయటికి చెప్పుకుంటారట్రా? ఫలితం పోదూ?"

మీకొక సంగతి చెప్పాలి. రంజాన్ నెల ముందు నుంచే మా వార్డుకొచ్చే ప్రతి మలాయ్ ఆంటీనీ నేను కూర్చోబెట్టి అడుగుతాను. ఉపవాసం ఉంటారా, తెల్లవారుజామున ఏం తింటారు, మాత్రలు ఏ వేళకి మార్చాలో డాక్టర్ని కలిశారా అని. ఆ అధ్యాయం నాకు కంఠతా వచ్చు. చైనీస్ బామ్మలు నెలలో ఏయే రోజులు మాంసం ముట్టరో కూడా అడుగుతాను. కానీ శనివారం పూట ఒక తెలుగింటికి వెళ్లి, ఎదురుగా నుదుట కుంకుమతో, తలంటుకున్న జుట్టుతో కూర్చున్న తెలుగావిణ్ణి, ఈరోజు శనివారం కదా ఆంటీ అని ఒక్కమాట అడగాలని నాకు తట్టలేదు. పైగా ఆవిడ కడుపు మాడ్చుకున్నది నా కోసం. నా మాత్ర పాఠం, నా నీరసం ముచ్చట, నా పరీక్ష, అన్నీ కలిసి ఆవిణ్ణి ఆ కుర్చీలో కూలేశాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

అంకుల్ పెరుగన్నం ముద్ద పట్టుకుని బతిమాలాడు. "చూడు కమలా, ఆయన గిన్నెలో పంచదార ఆయనే నీ చేత తాగించాడు. అంటే ఒక్కపొద్దు ఆయనే విడిపించినట్టు. ఇంక తిను."

"అలా ఎలా అవుతుందండీ, మీ మొహం" అంది ఆంటీ.

అంకుల్ నావైపు తిరిగి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "కాదంది. బాగైపోయింది."

చివరికి తింది. టాక్సీలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మాత్ర మార్చి, ఉపవాసాలుంటే ముందు తనకి చెప్పమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"సరే గానీ, నా నీరసం ఎలా ఉంది?"

"ఆంటీ, అది నటన కాదు."

"ఏదైతేనేం. పదికి పది అన్నావు, నాకు వినపడింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఊరుకోను."

ఇక పరీక్షరోజు. గదిలోకి ఒక పెద్దాయన వచ్చాడు. చైనీస్ అంకుల్, నెరిసిన జుట్టు, చేతిలో మందుల సంచి. వార్డులో నా పాత లెక్కైతే ఆయన కూర్చునేలోపు బియ్యం గురించి మొదలుపెట్టాలి. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది, తిన్నారా అని.

"అంకుల్, మకాన్ అయిందా?"

 "నాట్ యెట్ లా" అన్నాడు. ఎందుకని అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన నేల చూశాడు. భార్య ఆసుపత్రిలో ఉందన్నాడు. వంట తెలియదన్నాడు. పొద్దున ఏమీ తినడు, సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తూ కాఫీషాపులో ఏది దొరికితే అది తింటాడు, మాత్రలు మాత్రం వేళకి వేసుకుంటాడు. ఎగ్జామినర్ ఆయనకిచ్చిన కాగితంలో దాచి ఉంచిన కథంతా ఒక్కొక్కటిగా బయటికొచ్చింది. ఆవిడ పెన్ను ఆగకుండా కదులుతోంది. నేను ఇంకా ఏమీ చెప్పలేదు, వింటున్నానంతే.

అంతా సవ్యంగా సాగుతుండగా ఆయన జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

అంతే. నాకు హౌగాంగ్ కుర్చీ కనపడింది. "షుగర్ చూడనా అంకుల్?" అన్నాను. ఆయన నటుడు కదా, "కెన్, కెన్" అంటూ వేలు చాపాడు. బల్ల మీద నిజం మీటరే ఉంది. నిజం సూదే ఉంది. గుచ్చేశాను.

"అయ్యో, రియల్ వన్ ఆ?" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. ఎగ్జామినర్ కూడా లేచింది. మీటరు మీద ఐదు పైచిల్లర కనపడింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు, కోపం తప్ప ఏ జబ్బూ లేదు.

"మిస్టర్ ప్రసాద్" అంది ఎగ్జామినర్. "ఇక్కడ గుచ్చినట్టు అనుకుంటే సరిపోతుంది."

"అనుకోవడం మానేశాను మేడమ్" అన్నాను. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు.

పాసయ్యాను. నిజంగానే పాసయ్యాను. ఫలితం కింద ఒక వాక్యం రాశారు, పేషెంట్ మాట చాలా బాగా విన్నారు, సూది విషయంలో నిగ్రహం అవసరం అని. ఆ సాయంత్రం స్వప్న, నేను ఒకే వేళకి కూర్చుని అన్నం తిన్నాం. తింటూనే హౌగాంగ్‌కి ఫోన్ చేశాను.

"పాసయ్యానాంటీ."

 అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. తర్వాత గొంతు సర్దుకుని అంది. "నాకు తెలుసు. సరే, సెలవెప్పుడు పెడతావు?"

"ఎందుకాంటీ?"

"తిరుపతికి. ఆ రోజు ఒక్కపొద్దు మధ్యలో తెగింది కదా. దానికి బదులు ఇంకోటి మొక్కుకున్నా. నువ్వు పాసైతే నీ తలనీలాలు ఇప్పిస్తానని."

"నా తలనీలాలు మీరెలా మొక్కుతారాంటీ?"

"నా మొక్కు నేను నిలబెట్టుకోలేకపోయింది ఎవడి వల్లరా?"

 వెనకనుంచి అంకుల్ గొంతు వినపడింది. "పాపం, వాడికి ఉన్నదే కాస్త జుట్టు కమలా."

"కాస్తయితే తొరగా అయిపోతుంది లెండి."

కొత్త క్లినిక్‌లో చేరిన మొదటిరోజున నేను నున్నటి గుండుతో వెళ్లాను. మెడలో వేలాడే ఐడీ కార్డు మీద ఇప్పటికీ ఆ ఫొటోనే ఉంది. పేషెంట్లు అది చూసి, నన్ను చూసి, చాలా దయగా మాట్లాడతారు. పైగా ఈ సర్టిఫికెట్‌ని కొన్నేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాసి తెచ్చుకోవాలట. కాబట్టి ఏడుకొండలవాడి సాక్షిగా, ఈ గుండు సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా ఎదుట ఎవరికి చెమటలు పట్టినా చప్పట్లు కొట్టను. నటుల జోలికి సూదితో వెళ్లను. నా గెలుపు కోరే పెద్దవాళ్లు ఎవరు కనపడినా ఏం తిన్నారో ముందు అడుగుతాను, ఎవరి జుట్టు మొక్కుకున్నారో అంతకన్నా ముందు అడుగుతాను.